అమ్మ వేలి అంకెలు

కోడుమూరు,
12-6-2007

సౌభాగ్యవతి బసమ్మకు,

మద్దయ్య రాయునది. ఇక్కడ నేను, అమ్మ క్షేమం. మగ్గం కూడా క్షేమమే, రోజూ ఆడుతూనే ఉంది. శ్రీకాకుళంలో నువ్వు, నీతో వచ్చిన మన పొదుపు సంఘం ఆడవాళ్లు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ జాబు మొన్న శనివారం అందింది. నేను రెండుసార్లు చదువుకుని, అమ్మకు ఒకసారి చదివి వినిపించాను. ఆ ఊరి ఆడవాళ్లు మొదట్లో తలుపు చాటు నుంచే మాట్లాడేవారని, ఇప్పుడు ముప్పై మంది చాపల మీద కూర్చుని తమ సంఘం పుస్తకం తామే రాసుకుంటున్నారని రాశావు. మన కోడుమూరు మనిషి అంత దూరం పోయి పాఠాలు చెబుతోందని అమ్మ వీధంతా చెప్పుకుని వచ్చింది. నీ భాష వాళ్లకు, వాళ్ల భాష నీకు అర్థం కాక నవ్వుకున్న సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. మన పరువు కాపాడింది.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. వాన పడింది. గురువారం సాయంత్రం గంటసేపు మంచి వాన. మగ్గం గుంతలోకి చుక్క కూడా రాలేదు. అమ్మ మోకాళ్లు పొద్దున పూట పట్టేస్తున్నాయి గానీ, ఎండెక్కితే నాకంటే వేగంగా నడుస్తుంది. ఎర్ర అంచు చీరలు రెండు దిగాయి, మూడోది సగంలో ఉంది.

ఇక నువ్వు జాబు చివర గీత గీసి మరీ అడిగిన సంగతి. గడిచిన మూడు జాబుల్లో షుగరు అంకెలు ఎందుకు రాయలేదని. నేను అంతకు ముందు పంపిన అంకెలను అక్కడి మీటింగులో చదివి వినిపించావట. మా ఆయన మూడు వారాల్లో మూడు వందల నుంచి నూటికి దించాడని చెప్పి, ఆ ఆడవాళ్లతో నా పేరున చప్పట్లు కొట్టించావట. అది చదివాక నేను ఆ పూట మగ్గం ఎక్కలేకపోయాను బసమ్మా. ఎందుకో చెబుతాను. కోపం వస్తే రానివ్వు, కానీ చివరిదాకా చదువు.

నాకు షుగరు మూడు వందలు ఉందని ఉగాది ముందర కర్నూలు డాక్టరు చెప్పినప్పుడు నువ్వు ప్రయాణం మానుకుంటానన్నావు. నాలుగు నెలల పని, పోయి తీరాలని నేనే పట్టుబట్టాను. మీ తమ్ముడు శివకుమార్ తను పనిచేసే మందుల అంగడి నుంచి షుగరు మిషను తెచ్చి, వేలు ఎట్లా గుచ్చుకోవాలో, పట్టీ మీద నెత్తురు చుక్క ఎట్లా పెట్టాలో మనిద్దరికీ చూపించాడు. వారానికి రెండుసార్లు పొద్దున్నే పరగడుపున చూసుకుని, పుస్తకంలో రాసి, నీకు జాబులో పంపుతానని మాట ఇచ్చాను.

నువ్వు పోయిన మూడో రోజు మిషను ముందు పెట్టుకుని కూర్చున్నాను. సూది చేతికి తీసుకుని మళ్లీ కింద పెట్టాను. సూది నొప్పి ఎంత, చీమ కుట్టినంత. నిజానికి నా భయం ఆ మిషనులో కనబడబోయే అంకె గురించి. అది పెద్దగా వస్తే మా నాయన కాలు గుర్తొస్తుందని భయం. షుగరుతో కాలికైన పుండు మానకనే ఆయన పోయింది నీకు తెలుసు. నేను అట్లా తీస్తూ పెడుతూ కూర్చుంటే అమ్మ చూసింది. "నా ఏలు గుచ్చప్పా. నా ఏళ్లు ఎట్లాగూ బండబారి ఉండాయి" అని చెయ్యి చాపింది.

గుచ్చాను. తొంభై ఆరు వచ్చింది. అదే రాశాను.

ఆ తర్వాత అన్నీ అంతే. నీకు పంపిన తొంభై ఆరు, నూటనాలుగు, తొంభై తొమ్మిది, అన్నీ డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ నెత్తురువి. పెద్ద అంకె రాస్తే నువ్వు పని వదిలి వచ్చేస్తావని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజమే. మిగతాదంతా భయమే.

నా అబద్ధం అంతటితో ఆగితే బాగుండేది. ఏప్రిల్‌లో డాక్టరు దగ్గరికి పోయి ఆ పుస్తకమే చూపించాను. అక్కడ రక్తం ఇమ్మంటే వేరే పని ఉందని తప్పించుకున్నాను. ఆయన నన్ను నమ్మి, మాత్ర సగం చేశాడు. నేనూ సంతోషంగా సగమే మింగాను. పది రోజులకల్లా మళ్లీ దాహం, మళ్లీ కాళ్ల తిమ్మిరి. ఒక మధ్యాహ్నం పడుగు పోగులు అతుకుతుంటే ఒక్కొక్కటి రెండుగా కనబడింది. ఎర్ర అంచులో నల్ల పోగులు కలిపేశాను. పన్నెండేళ్ల వయసులో కూడా నేను చేయని తప్పు అది.

అమ్మ అంచును వేలితో తడిమి చూసింది. నా ముఖం చూసింది. నన్ను మగ్గం దిగమని చెప్పి, లోపలికి పోయి మిషను తెచ్చింది.

"నా నెత్తురు చూసుకొని నువ్వు ఎన్నాళ్లు బతుకుతావు నాయనా? చెయ్యి ఈడ పెట్టు."

పెట్టాను. పోగులు ముడివేసే వేళ్లు వదిలి, ఎడమచేతి చిటికెన వేలు పట్టుకుని, పక్కగా తనే గుచ్చింది. ఇన్ని రోజులు నేను గుచ్చుతుంటే చూసి నేర్చుకుందట. మూడు వందల నలభై రెండు వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది, దాచను. అమ్మ నా వేలికి దూది నొక్కిపెట్టి, "అంకెనే గదా, కరుస్తాదా?" అంది. తర్వాత తనూ కళ్లు తుడుచుకుంది. వేలు ఇచ్చి తప్పు చేశానని, అది బిడ్డకు చేసిన మేలు కాదని అంది.

మరునాడే ఇద్దరం కర్నూలు బస్సెక్కాం. డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన పుస్తకం తిప్పి, అయితే ఈ రక్తం ఎవరిదని అడిగాడు. అమ్మ బడిపిల్లలా చెయ్యెత్తింది. "నాదే సారూ. నాకు యా రోగమూ లేదు." ఆయన కళ్లద్దాలు తీసి నవ్వాడు. నవ్వు ఆగాక నన్ను గట్టిగానే తిట్టాడు. అబద్ధపు అంకెను నమ్మి తాను మందు తగ్గించాడని, ఇంకొన్నాళ్లు అట్లాగే ఉంటే కళ్లకో కాళ్లకో ముప్పు వచ్చేదని చెప్పాడు. నేను తల వంచుకుని విన్నాను. కళ్లు, కాళ్లు అక్కడే పరీక్ష చేశారు. రెండూ బాగున్నాయి.

మాత్ర మళ్లీ నిండుగా వేసుకుంటున్నాను. పొద్దున హంద్రి ఏటి ఇసుక మీద గంటసేపు నడక. మధ్యాహ్నం కొర్రన్నం కొంచెం, కూర ఎక్కువ. రాత్రి జొన్నరొట్టె ఒకటిన్నర. టీలో చక్కెర మానేశాను. అమ్మను కూడా మానమంటే, తన అంకె మంచిదని, తానెందుకు మానాలని నా ఎదురుగానే రెండు చెంచాలు వేసుకుని తాగుతోంది. నువ్వు వచ్చాక ఆ పంచాయితీ తీర్చు.

రెండో వారం నుంచి వేలు నేనే గుచ్చుకుంటున్నాను. పుస్తకంలో పాత పేజీ పైన 'అమ్మ' అని రాసి, కొత్త పేజీ మొదలుపెట్టాను. మూడు వందల నలభై రెండు, రెండు వందల ఎనభై, రెండు వందల ఇరవై ఒకటి, నూట తొంభై. నడుమ ఒకసారి మామిడిపండు తిన్న మరునాడు రెండు వందల పది. అదీ కొట్టివేయకుండా అట్లాగే ఉంచాను. తర్వాత నూట అరవై, నూట నలభై ఎనిమిది. పోగులు ఇప్పుడు ఒక్కటొక్కటిగానే కనబడుతున్నాయి. నల్ల పోగులన్నీ విప్పి అంచు సరిచేశాను.

మంచి అంకె చేతిలో ఉంటే గానీ నీ ముందు నిలబడలేనని ఇన్నాళ్లు ఆగాను. అదీ తప్పే. ఆ మీటింగులో నిజం చెప్పు. వాళ్లు నవ్వితే నవ్వనీ. ఇంట్లో మిషను పెట్టుకుని భయపడే మగవాళ్లు అక్కడా ఉంటారు. అమ్మ సంగతి చెబితే ఆడవాళ్లకు బాగా నచ్చుతుంది. నాకోసం ముందుగా బయలుదేరవద్దు. ఇంకా ఉన్న నెలన్నర పూర్తి చేసుకుని రా.

ఈ పొద్దున పరగడుపున చూసుకున్నాను. నూట ముప్పై ఒకటి. అమ్మ పాలకు పోయింది, ఇంట్లో ఎవరూ లేరు. ఒక్కడినే నవ్వుకుంటూ ఇల్లంతా రెండుసార్లు తిరిగాను. అంతకు ముందు అంకెలు నువ్వు నమ్మాలని రాసేవాణ్ణి. ఇది మాత్రం నీకు చెప్పకుండా ఉండలేక, నడకకు కూడా పోకుండా, కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఇట్లు,
నీ పెనిమిటి
మద్దయ్య