ఉత్తరం గోడ

చిట్టితల్లికి,

నాన్న మనసారా దీవించి రాయు సంగతులు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. కొండ మీద వానల లెక్క రాసుకునే నువ్వు కూడా వేళకింత తింటూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మ రెండుసార్లు చదివింది. నేను కళ్ళజోడు దొరికాక ఒకసారి చదివాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. నేను చూస్తున్నానని తెలిస్తే మాత్రం కాస్త కుంటుతుంది. పిల్లి మళ్ళీ ఈనింది, ఈసారి మూడు. ఇక, కొత్త ఇళ్ళ నియమాల మీద నేను కారాలు మిరియాలు నూరుతున్నానట, నిజమేనా అని అడిగావు. నూరిన మాట నిజమే. ఇప్పుడు రోలు కడిగి బోర్లించేశాను. ఎందుకో చెబుతాను.

ఇప్పుడు కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ పరీక్ష ఉంది. గోడల మధ్య వేడిని ఆపే పలకలుండాలి, కిటికీలకు రెండేసి అద్దాలుండాలి, గాలి దూరే సందులుండకూడదు. అప్పుడే ఇల్లు తక్కువ కరెంటుతో చలికి వెచ్చగా, ఎండకు చల్లగా ఉంటుందట. పరీక్ష నెగ్గితేనే తాళాలిస్తారు. పోయిన నెల నేను ఒక బస్సు డ్రైవరుకు ఇల్లు కట్టడం పూర్తి చేశాను. ఆయన భార్యకు నెలలు నిండుతున్నాయి. నెలాఖరుకల్లా వాళ్ళు అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాలి.

పరీక్షకు వచ్చినావిడకు నీ వయసే ఉంటుంది. మా కూలీలు ఆవిడకు గాలి మేడమ్ అని పేరు పెట్టారు. వీధి గుమ్మానికి అడ్డంగా గుడ్డ బిగించి, దాని మధ్య పంకా పెట్టి ఇంట్లో గాలినంతా బయటికి లాగింది. సందులుంటే అక్కడ ఈల వినిపిస్తుందట. ఎక్కడా చప్పుడు లేదు. నేను మీసం దువ్వుకున్నాను.

తర్వాత ఆవిడ గోడల వేడి చూపించే కెమెరా తీసింది. ఇల్లంతా నారింజరంగు. చిన్న గదిలో ఉత్తరం గోడ మాత్రం నీలంగా కనిపించింది. ఇక్కడ పలకలు లేవంది. ముప్పై ఐదేళ్ళుగా గోడలు కడుతున్నాను, నీ కెమెరాకే జలుబు చేసిందేమో చూసుకో అన్నాను. అందరితో పాటు ఆవిడా నవ్వింది. నాలుగు ఇటుకలు తీసి చూద్దాం, పలకలుంటే నేనే మళ్ళీ పేర్చి సిమెంటు పూస్తానంది.

ధీమాగా ఉలి పట్టాను. ఇటుకలు తీస్తే లోపల అంతా ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు మబ్బు పట్టింది. వానకు ముందే గోడ లేపేద్దామని ఒక్కణ్ణే ఇటుకలు పేర్చాను. పలకల కట్ట టార్పాలిన్ కిందే ఉండిపోయింది. తప్పు తోసెయ్యడానికి పక్కన ఇంకో మనిషి కూడా లేడు.

డ్రైవరు భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. కేకలేస్తుందనుకున్నాను.

"ఇది పాపకనుకున్న గది మేస్త్రీగారూ. చలికాలం వస్తే ఏమయ్యేది?" అంది.

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

మూడు రోజుల్లో గోడ విప్పి మళ్ళీ కట్టాను. గాలి మేడమ్ తన సెలవు రోజున వచ్చి పలకలు అందించింది, అతుకుల మీద టేపు ఎలా వెయ్యాలో చూపించింది. ఈ వయసులో ఒక ఆడపిల్ల దగ్గర పని నేర్చుకున్నాను. సిగ్గనిపించలేదు, సరదాగానే ఉంది. నాలుగో రోజు కెమెరాలో ఆ గోడ కూడా నారింజరంగుకు తిరిగింది. తాళాలు ఇచ్చేశారు. మొన్న ఆదివారం పాప పుట్టింది. డ్రైవరు బస్సు మన వీధి మలుపులో ఆపి, హారన్ కొట్టి మరీ చెప్పాడు.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట. ఇందాకటి నుంచి దాటేస్తూ వచ్చాను.

చలికాలం వస్తే ఏమయ్యేదని డ్రైవరు భార్య అడిగిందే, దానికి జవాబు నాకు తెలుసు. మన ఇల్లు కట్టేటప్పుడు నీ గది గోడకు తెచ్చిన పలకలు ఇంకొకరి పనికి తోలేశాను. మన ఇల్లే కదా, తర్వాత చూసుకుందాంలే అని గోడ మూసేశాను. ఆ తర్వాత అనేది రానేలేదు. నువ్వు మేజోళ్ళతో, శాలువాతో ముడుచుకుని పడుకుంటే నీ ఒళ్ళే అంత అని చలిచీమా, చలిచీమా అని ఏడిపించాను. తప్పు నీది కాదు తల్లీ, నా గోడది.

డ్రైవరు ఇంటి పని కాగానే మన గోడ కూడా విప్పాను. దుమ్ములో నిలబడి అమ్మకు అంతా చెప్పాను.

"నాకెప్పుడో తెలుసు. అందుకేగా దానికి ఎప్పుడూ ఒక దుప్పటి ఎక్కువ కప్పేదాన్ని" అంది.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"మీరే చెబుతారని."

ఇరవై ఆరేళ్ళు ఆగింది మహాతల్లి.

ఇప్పుడు ఇల్లు మొత్తం మీద నీ గదే వెచ్చన. అమ్మ తన మంచం అందులోకి మార్చేసింది, పిల్లీ దాని పిల్లలూ వెంటే చేరాయి. నువ్వు సెలవుకు వచ్చినప్పుడు గది కావాలంటే వాళ్ళతో నువ్వే తేల్చుకో. నేను మాత్రం మధ్యలో దూరను.

ఇట్లు,
నీ గోడ ఇన్నాళ్ళకు పూర్తి చేసిన
నాన్న