తుపాకీ బరువు

చందానగర్,
ఆదివారం.

సుబేదారు లింగయ్య గారికి వందనాలు.

నేను కార్గిల్‌లో మీ కింద పనిచేసిన ప్రకాశానికి పెద్దక్కను. మాదాపూర్‌లో వాడు కాపలా కాసే ఆఫీసు మూతపడి ఏడాదైంది. ఎక్కడా పని దొరకలేదు. లైసెన్సు తుపాకీ ఉందని బాచుపల్లిలో ఒక భూముల వ్యాపారి ఈ మధ్య వాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. తగాదాలో ఉన్న స్థలానికి వాడు కాపలా.

మా ఇంట్లో ఉదయం ప్రార్థన అయ్యాకే ఎవరైనా బయటికి వెళ్తారు. వాడూ తుపాకీ గుమ్మం పక్కన పెట్టి మోకరిస్తాడు. నిన్న అందరూ కళ్ళు మూసుకుని పాడుతుంటే నేను లేచి, అందులోని రెండు తూటాలూ తీసి దాచాను.

సాయంత్రం వచ్చి నవ్వాడు. "చేతిలోకి తీసుకోగానే తెలిసిందక్కా. ఆ బరువు తెలియకపోతే నేనేం సిపాయిని?"

"తెలిసీ వెళ్ళావురా?"

"వెళ్ళకపోతే జీతం ఎవరిస్తారు?"

నిన్న అవతలివాళ్ళు రాళ్ళు పట్టుకుని వచ్చారట. "ఊకె నిలబడితే ఎట్ల ప్రకాశం, సోమవారం జర పేల్చి చూపియ్యి" అన్నాడట వ్యాపారి. అందుకే వాడు తూటాలు అడుగుతున్నాడు. ఇస్తే ఎవరి ప్రాణం తీస్తాడో, ఇవ్వకపోతే ఒట్టి తుపాకీతోనే వెళ్ళి ఏమైపోతాడో. ప్రార్థనలో ఏది అడగాలో తెలియడం లేదు.

వాడు నా మాట వినడు. మీ ఫోన్ వస్తే మాత్రం ఇప్పటికీ లేచి నిలబడి మాట్లాడతాడు. మీ నంబరు నా దగ్గర లేక ఈ ఉత్తరం మా అమ్మాయి రూబీ చేత పంపుతున్నాను. ఈ రోజే ఫోన్ చేయండి. బతిమాలితే వినడండీ. వెళ్ళవద్దని ఆజ్ఞ ఇవ్వండి.

ఇట్లు,
ప్రకాశం పెద్దక్క.