పాప నడుముకు తాడు

మార్చి 2
ఇల్లు వచ్చింది. కాలువ మీద సరుకు రవాణా ఆపేశారు కాబట్టి కంపెనీ మాకు గట్టు మీద ఒక గది, వంటిల్లు ఇచ్చింది. పెళ్లయిన నాటి నుంచి పడవలోనే కాపురం. వంగి వంగి వండిన నడుము ఇవాళ నిటారుగా నిలబడింది. ఈయనకు మాత్రం జైల్లో ఉన్నట్టుందట. ఉండనీ, అలవాటవుతుంది.

మార్చి 3
అత్తయ్య పాపను మంచం కోడుకు కట్టేసింది.

పడవ మీద పుట్టిన ప్రతి పిల్లకూ నడక రాగానే నడుముకు తాడు పడుతుంది. రెండో కొస పడవలోని పొయ్యి పొగగొట్టానికి. ఈయనా అలాగే పెరిగారు. ఇక్కడ నీళ్లెక్కడున్నాయి అత్తయ్యా అన్నాను. తలుపు తీస్తే ఎదురుగా కనపడట్లా అంది. కనపడుతోంది మరి, కాలువ.

మార్చి 9
టీకాలు వేయడానికి వచ్చిన నర్సు తాడు చూసింది. పిల్లా, మేకపిల్లా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వట్లేదు. పదిహేడున మళ్లీ వస్తా, అప్పటికీ తాడుంటే రిపోర్ట్ రాస్తా, పాపను పిల్లల హోమ్‌కి తీసుకుపోతారు అని చెప్పి వెళ్లింది.

సాయంత్రం
ముడి విప్పబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఏం పట్టు! ఇన్నేళ్లు చుక్కాని పట్టిన చెయ్యి. పెద్ద గొడవైంది. అమ్మా అని ఒకసారి, నా వైపు తిరిగి ఏమేవ్ అని ఒకసారి అన్నారు ఈయన. అంతే ఈయన తీర్పు. సిగరెట్ పట్టుకుని బయటికి పోయారు.

మార్చి 10
అత్తయ్య తనంతట తనే చెప్పింది. ఈయనకు ఒక అన్న ఉండేవాడట. నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఏడుస్తున్నాడని, కాసేపు ఆడుకుంటాడని తనే ముడి విప్పిందట. ఇక్కడి లాకు గేట్లు దగ్గర పడుతున్నాయి, చుక్కాని వదలడానికి లేదు. వెనక్కి చూసేసరికి వాడు లేడు. కాలువ ఖాళీ చేసి వెతికించండని కంపెనీ వాళ్ల కాళ్లు పట్టుకుందట. వెనక పడవలు ఆగిపోతాయన్నారట. వాడు దొరకలేదు. ఆ పూటే మళ్లీ పడవ నడిపిందట.

ఇదంతా బట్టలు మడతపెడుతూ చెప్పింది. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. పాప తాడు వదులైతే నేనే బిగించాను.

మార్చి 15
కాలువ పూడ్చేస్తారట. నీళ్లన్నీ బయటికి వదిలేస్తున్నారు. అత్తయ్య పొద్దున్నుంచి గట్టు మీదే ఉంది. నీళ్లు తగ్గేకొద్దీ ముందుకు వంగుతోంది. విరిగిన కుర్చీ, గొలుసులు, బూట్లు బయటపడ్డాయి. ఈయన వెళ్లి పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏదో మాట్లాడారు. ఇంత మాట్లాడగలరని నాకు తెలియదు.

మార్చి 17
తెల్లారగానే అత్తయ్య చెప్పులు విడిచి కాలువలోకి దిగింది. మోకాలి లోతు బురదలో లాకు దాకా నడిచింది, మళ్లీ వెనక్కి నడిచింది. వద్దని ఎవరం అనలేదు. ఏమీ దొరకలేదు.

తొమ్మిది గంటలు
కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి ముడి విప్పింది. పాప తాడంత దూరం నడిచి టక్కున ఆగింది. పో తల్లీ, పో అని అత్తయ్య అరుస్తోంది. పాప కదలట్లేదు.