చెక్క మందం

ఆదివారం, తాడేపల్లిగూడెం

స్పీకరుకి చేయించిన బేస్ బాక్సు గుయ్యిమంటోందే తప్ప అసలు బేస్ రావడం లేదని నిన్న వడ్రంగి సూరిబాబును అతని షాపులోనే, పనివాళ్ల ముందు తిట్టాను. "నీ బుర్ర మందం" అని కూడా అన్నాను. అతను తల వంచుకుని చిత్రిక పట్టుకుంటూ ఉండిపోయాడు.

ఇవాళ స్పీకరు విప్పి, ఆ కంతలోంచి లీటరు డబ్బాతో వడ్లు పోసి చూశాను. నలభై లీటర్లు పట్టాల్సిన బాక్సు ఇరవై ఎనిమిదికే నిండిపోయింది. తప్పు దొరికింది కదా అని హుషారుగా టేపు పెట్టి బయట కొలిచాను. అచ్చం నేను రాసిచ్చిన కొలతే.

అప్పుడు గుర్తొచ్చింది. కాయితం ఇచ్చిన రోజు అతను అడిగాడు: "ఇది లోకొలతాండీ, పైకొలతాండీ మాస్టారూ?"

"లెక్కలు నాకు నేర్పకు" అన్నాను. పదో తరగతికి ఘనపరిమాణం చెప్పేవాణ్ణి మరి!

వడ్లు ఎత్తుతూ మా ఆవిడ, "ఏవండీ, రేపు వెళ్లి ఆయనకో మాట చెప్పేసి రండి" అంది.

ఏమని చెప్పను? చెక్క మందం కలపడం మరిచిపోయాననా? అతని ముందు మందం అనే మాట మళ్లీ ఏ నోటితో ఎత్తను...