పోస్టుమాస్టరు తీసుకోని ఉత్తరం

హార్లో ఫోర్డు, వెర్మాంట్
1832 జూన్ 8, శుక్రవారం

చిరంజీవి సైలస్‌కి అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ మిగిలిన ఇద్దరమూ క్షేమం. అక్కడ సిన్సినాటిలో నువ్వు దగ్గు తగ్గి, వేళకి తింటూ ఒంట్లో బాగున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం పోయిన శుక్రవారం బండిలో వచ్చింది. సంచీ విప్పిందీ నేనే, నీ చేతిరాత గుర్తుపట్టిందీ నేనే, పైన నా పేరుంది కాబట్టి చించి చదివిందీ నేనే. మూడుసార్లు చదివాను. చదివి ఏప్రను జేబులో పెట్టుకుని వాకిలి ఊడ్చాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ఆఖరున అడిగినదానికి ఆఖరునే రాస్తాను, తొందరపడి కింద పేరాకి వెళ్ళిపోకు.

పత్రిక ఆగలేదు. నిన్న గురువారం కూడా వేళకే వచ్చింది. అక్షరాలు నేను కూరుస్తున్నాను, ప్రెస్సు పిడి మీ చెల్లెలు హిట్టీ లాగుతోంది. పందొమ్మిదేళ్ళ పిల్లకి చేతులు కమ్మరివాడి చేతుల్లా తయారయ్యాయి. పెళ్ళి మాట ఎత్తితే, "నన్నెవడు చేసుకుంటాడమ్మా? ముద్దుకని బుగ్గ మీద తట్టినా పళ్ళు రాలిపోతాయి వాడికి" అని నవ్వుతుంది. దాని పెళ్ళి సంగతి అడిగావు కదా, ప్రస్తుతానికి నీకూ అదే జవాబు.

పోస్టాఫీసు ఇంకా మన ముందు గదిలోనే ఉంది. మీ నాన్న స్థానంలో ఇంకో పోస్టుమాస్టరుని వేసేదాకా నన్నే చూడమని వాషింగ్టన్ నుంచి రాశారు. ఆ పని తన అల్లుడికి ఇప్పించాలని మన చర్చి పెద్ద డీకన్ పార్ట్‌రిడ్జ్ గారు తిరుగుతున్నారట. ఇప్పించుకోనీ. ఇదివరకైతే ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరో ఎవరి గురించో చెబుతున్నట్టుంది.

నేనెలా ఉన్నానని అడిగావు. తింటున్నాను, పడుకుంటున్నాను, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మిగతా మనిషి మొద్దుబారిపోయి ఉంది. మీ నాన్న పోయింది మంగళవారం, పత్రిక రావాల్సింది గురువారం. మధ్యలో బుధవారం ఉంది కాబట్టి ఆయన మరణవార్త నేనే కూర్చాను. ఏడు వరసలు. ఎనిమిదో వరసకి చోటుంది కానీ ఏం రాయాలో తోచలేదు. "గవర్నరు పోయినప్పుడు వేసినట్టు నల్ల గీతలు వేద్దామా అమ్మా?" అని హిట్టీ అడిగితే వేద్దామన్నాను. పేజీలో నిలువు వరసల మధ్య ఉండే ఇత్తడి పట్టీలన్నీ తిరగేసి పెట్టాం, మందపు వైపు పైకొచ్చి పేజీ అంతా నల్లటి చారలు పడ్డాయి. బాగానే వచ్చింది. కానీ తర్వాతి వారం వాటిని మళ్ళీ మామూలుగా పెట్టాలన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు. పత్రిక అలాగే ఊరంతా వెళ్ళిపోయింది. డీకన్ గారు టోపీ కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు.

"ఈసారి ఎవరమ్మా పోయింది? కొంపదీసి మళ్ళీ నన్నే వేశారా?"

"ఎవరూ పోలేదండీ. పట్టీలు తిప్పడం మర్చిపోయాను."

ఆయన వెనక్కి వెళ్ళి, సాయంత్రం వాళ్ళావిడ చేత బీన్సు కుండ పంపించారు. మనిషి మంచివాడే సైలస్. ఆయన వల్లే మన ఇంట్లో ఇంత జరిగిందని అనుకున్నాను గానీ, పాపం ఆయన చేసిందల్లా అరవై ఏళ్ళ వయసులో రెండో పెళ్ళి చేసుకోవడమే.

ఆ వారం సంగతి మనిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన పెళ్ళి వార్త నువ్వు 'మరణాలు' అన్న శీర్షిక కింద పెట్టావు. జిల్లా అంతా కడుపు పట్టుకుని నవ్వింది, పెళ్ళికూతురు ఒక్కతే ఏడ్చింది. తప్పు దిద్దుకుంటూ నాలుగు మాటలు వేస్తే పోయేదానికి, మీ నాన్న పట్టుదలకి పోయి, "ఈ పొరపాటు నా కుమారుడు సైలస్ క్రోవెల్ అలక్ష్యం వల్ల జరిగినది, వానికి ఈ పని అబ్బలేదు" అని రాసి, ఆ కాగితం నీ చేతికే ఇచ్చి కూర్చమన్నారు. ఇరవై నాలుగేళ్ళవాడివి. నువ్వు ఒక్క అక్షరం తప్పు పోకుండా కూర్చావు. పేజీ బిగించి, చేతులు కడుక్కుని, కోటు వేసుకుని వెళ్ళిపోయావు. నేను ఆ పక్కనే సిరా కలుపుతున్నాను. ఒద్దండీ అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. ఆ పేజీకి సిరా పూసింది కూడా నేనే.

ఇక నీ ఉత్తరం సంగతి. ఇప్పుడు వచ్చింది కాదు, డిసెంబరులో మీ నాన్నకి రాసింది. "నాన్నగారు నా ఉత్తరం చదివారా? చదివి ఏమన్నారు?" అని అడిగావు. ఈ ప్రశ్నకి జవాబు రాయకూడదనే ఇంతసేపూ బీన్సు కుండల గురించి రాశాను.

ఆ ఉత్తరం క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు వచ్చింది. మీ నాన్న నీ చేతిరాత చూసి, అటూ ఇటూ తిప్పి, విప్పకుండా మన ఇంటిపేరు 'సి' అక్షరం అరలో పెట్టేశారు. జనవరి మొదటి వారం, ఎవరూ వచ్చి తీసుకోని ఉత్తరాల జాబితా ఎప్పటిలా పత్రికలో వేశాం కదా, అందులో తన పేరు తనే కూర్చారు. 'ఎలైషా క్రోవెల్, ఒకటి.' నియమం ప్రకారం మూడు వారాలూ వేశారు. ఊరికి అంతకన్నా ఏం కావాలి? పోస్టాఫీసుకి వచ్చిన ప్రతివాడూ ఆయన్ని పట్టుకున్నాడు.

"ఎలైషా గారూ, మీకేదో ఉత్తరం వచ్చిందట కదా, పోస్టుమాస్టరు గారిని అడిగి తీసుకోకపోయారా?"

"అడిగాను. వాడొట్టి మొండివాడు, ఇవ్వనన్నాడు."

అందరూ నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవారు. నేను లోపల పెనం మీద రొట్టె మాడ్చుకునేదాన్ని. "కన్నకొడుకు రాసిందండీ, ఒకసారి చదవండి" అంటే, "వాడొచ్చి చదివి వినిపిస్తే వింటాను" అనేవారు. అటు చూస్తే నువ్వు అక్కడి నుంచి కదలవు, ఇటు చూస్తే ఈయన బల్ల దగ్గర్నుంచి కదలరు. మీ ఇద్దరి మీదా నాకు ఎంత కోపం వచ్చిందో నీకు ఇంతవరకూ చెప్పలేదు.

ఫిబ్రవరి ఆఖరులో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయింది. మంచం ముందు గదిలోకి మార్చాం. పోస్టాఫీసు పని నా మీద పడింది. మార్చి ముప్ఫై ఒకటో తేదీన, మూడు నెలలుగా ఎవరూ తీసుకోని ఉత్తరాలన్నీ కట్టగట్టి వాషింగ్టన్ పంపాలి. అక్కడ వాటిని చచ్చిన ఉత్తరాలంటారు. చదివి తగలబెడతారని చెబుతారు. ఆ కట్టలో పదకొండు ఉత్తరాలున్నాయి. ఒకటి నీది.

దాన్ని తీసి జేబులో వేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. జాబితాలో ఒక పేరు కొట్టేస్తే సరిపోయేది. మూడడుగుల దూరంలో మంచం మీద మీ నాన్న నన్నే చూస్తూ ఉన్నారు. అడుగుతారేమోనని తాడు కట్టకుండా చాలాసేపు కూర్చున్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. సరే, మీ మొండితనం మీదైతే నా మొండితనం నాది అనుకుని తాడు బిగించి కట్టేశాను. బండివాడికి ఇచ్చేశాను. మీ నాన్నకి బుద్ధి చెప్పాలని నీ ఉత్తరాన్ని చంపేశాను సైలస్. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, హిట్టీకి కూడా.

రెండు వారాలు గడిచాయి. ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, హిట్టీ చర్చి నుంచి ఇంకా రాలేదు. నేను ఆయనకి గంజిలాంటి మొక్కజొన్న జావ పట్టి మూతి తుడుస్తున్నాను.

"తబితా," అన్నారు, "క్రోవెల్ గారు వచ్చారని చెప్పు."

"ఎవరితో చెప్పమంటారు?"

"పోస్టుమాస్టరుతో. ఆయన ఉత్తరం ఆయనకి కావాలట."

అది వాషింగ్టన్ వెళ్ళిపోయిందని చెప్పలేదు. తెస్తానని లేచి అచ్చు గదిలోకి వెళ్ళాను. అక్కడ ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. మేకుకి, తప్పులు చూసుకోవడానికి శనివారం ఒకవైపే అచ్చు తీసిన ప్రూఫులు వేలాడుతున్నాయి. ఒకటి తీసి నాలుగు మడతలు పెట్టాను, ఉత్తరంలాగే కనబడింది. వచ్చి ఆయన మంచానికి ఎదురుగా, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. అచ్చు నావైపు ఉండేలా కాగితం విప్పి, నోటికొచ్చింది చదవడం మొదలుపెట్టాను.

నీకు మంచి పని దొరికిందన్నాను. ఓహియో నది గురించి ఏదో అన్నాను. తర్వాత, "నాన్నగారూ, ఆ వారం తప్పు నాదే. కానీ మీరు నా చేత కూర్పించిన ఆ మాటలు ఇప్పటికీ నా వేళ్ళకి గుర్తున్నాయి. మీకూ నాకూ మధ్య ఇంత దూరం నాకు ఇష్టం లేదు. మీరు రమ్మంటే వస్తాను" అని చదివాను. ఇవి నా మాటలు. నువ్వు వీటిలో ఒక్కటైనా రాశావో లేదో నాకు తెలియదు.

ఆయన కళ్ళు మూసుకోలేదు. కాగితం వైపే చూస్తున్నారు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. రెండోసారి తడబడ్డాను.

"ఇందాక 'రమ్మంటే' అన్నాడు. ఇప్పుడు 'రానిస్తే' అంటున్నాడు. ఏది?"

"రమ్మంటే."

"ఊఁ. రమ్మంటేనే బాగుంది." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "తబితా, మూడో నిలువు వరస చూడు. క్లోవర్ గడ్డి విత్తనాల ధర దగ్గర. ఒక అక్షరం తిరగబడింది. పేజీ బిగించేలోపు దిద్దమని హిట్టీతో చెప్పు."

కిటికీ వెలుగుకి ఆ పల్చటి కాగితం వెనకవైపు నుంచి అచ్చంతా ఎదురుగా ఉన్నవాళ్ళకి అద్దంలోలా కనబడుతోంది. నలభై ఏళ్ళు సీసం అక్షరాలని వెనక నుంచి ముందుకు చదివిన మనిషి ఆయన. మొదటి మాట దగ్గరే తెలిసిపోయి ఉంటుంది. చదవడం ఆపి కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఆగావేం?" అన్నారు. "వాడు అడిగాడుగా, జవాబు ఇవ్వొద్దూ? రమ్మన్నానని రాయి."

సోమవారం మాట పడిపోయింది. మంగళవారం ఆయన పోయారు. నీకు పోయారని మాత్రం రాశాను. మిగతాది రాయాలంటే ఆ కట్ట సంగతి రాయాలి. అందుకే రాయలేదు. ఏడు వారాలు దాచాను. రోజూ ఆ మాటని అరలో పెట్టి, రోజూ తీసి చూసుకుని, మళ్ళీ పెట్టేశాను. ఆయన చేసిందానికీ నేను చేసిందానికీ తేడా ఏమీ లేదు.

నీ ఉత్తరంలో ఏముందో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు. క్షమించమని రాసి ఉంటావు, లేకపోతే కడుపు మంటకొద్దీ తిట్టి రాసి ఉంటావు. నాకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే వద్దు. నువ్వు ఏం రాశావో తెలియకుండానే ఆయన ఇచ్చిన జవాబు ఇది. నువ్వు ఏం రాసి ఉన్నా జవాబు ఇదే.

రమ్మన్నారు.

ఇట్లు,
ఆయన చెప్పింది ఇంత ఆలస్యంగా అందిస్తున్న
మీ అమ్మ