బ్రెమెన్‌లో కుర్రకారు తొడిగే బట్టలు

బ్రెమెన్, 4 మే 1974

ఈ రోజు పనులు: మీ అన్నయ్య చొక్కాలు ఉతికి కిటికీకి ఆరేశాను. కోటుకు ఊడిన గుండీ కుట్టాను. రొట్టె, జున్ను తెచ్చాను. మధ్యాహ్నమంతా కూడలిలో నిలబడి మగపిల్లల బట్టలు చూశాను.

ముద్దుల ఆడపడుచు జెమ్మాకు,

నువ్వు చెప్పిన పని పూర్తయింది. మీ అబ్బాయి తుల్లియో పిల్లనడగడానికి ఇక్కడికి వచ్చినప్పుడు, ఆ పిల్ల ఉటే వాళ్ళ నాన్న హార్మ్స్ గారి కంటికి ఈ ఊరి కుర్రాడిలా కనబడాలన్నావు. "ఇటలీ వాళ్ళంటే తలనూనె, మొనదేలిన బూట్లు" అని ఆయనన్న మాట నేనూ మరిచిపోలేదు. ఆయన కాదంటే ఈ సంబంధం లేదు.

ఇక్కడ జనమంతా బూడిదరంగు వానకోట్లే. కానీ ఇవాళ ముగ్గురు చక్కటి కుర్రాళ్ళు కనిపించారు. నల్ల కార్డురాయ్ గుడ్డ బెల్‌బాటమ్ ప్యాంటు, తెల్ల గుండీల లోకోటు, గొడుగంత టోపీ, భుజాన మూట, చేతిలో మెలికల కర్ర. ముగ్గురివీ ఒకే రకం బట్టలంటే ఫ్యాషన్ అదేనన్నమాట! రొట్టెల కొట్టువాడు వాళ్ళ దగ్గర డబ్బు కూడా తీసుకోలేదు. అంత మర్యాద మన మేయరు గారికైనా ఉందా?

మీ వదిన,
ఎవెలీనా

తా.క. ముగ్గురికీ చెవిపోగు ఉంది. అది మాత్రం నీ ఇష్టం.

ఫెర్రారా, 9 మే

వదినకు జెమ్మా నమస్కారాలు.

కుట్టేశాను. తొడిగి చూసుకుని తుల్లియో ఒకటే గోల. "అమ్మా, నేను బీమా కంపెనీ గుమాస్తాని, సర్కస్ వాణ్ణి కాదే!" అన్నాడు. "నోర్మూసుకో, మీ అత్తయ్య కాళ్ళు పీకేలా నిలబడి చూసింది" అన్నాను. ఆదివారం రైలెక్కిస్తున్నాను.

ఇట్లు,
జెమ్మా

తా.క. దారిలో మార్చుకుంటాడేమోనని పెట్టెలో వేరే ప్యాంటు పెట్టలేదు.

ఇంకో తా.క. చెవి కుట్టించాం. వీధంతా వినబడింది.

బ్రెమెన్, 11 మే

జెమ్మా,

వాణ్ణి ఆ బట్టల్లో పంపకు! అది ఫ్యాషన్ కాదట. పని నేర్చుకున్న వడ్రంగులు కొన్నేళ్ళు ఇల్లు విడిచి, ఊరూరా తిరిగి పని చేస్తారట. దారిలో జనమే వాళ్ళకు తిండి పెట్టి, బండెక్కిస్తారట. ఆ బట్టలు వాళ్ళవే. వడ్రంగి కానివాడు తొడిగితే వాళ్ళకు అవమానమని మా బస యజమానురాలు చెప్పింది. వాళ్ళ నాన్నది "ఇళ్ళ పని" అని ఉటే అంటే మనం కాంట్రాక్టరనుకున్నాం. హార్మ్స్ గారు ఈ ఊరి పెద్ద వడ్రంగట!

కంగారులో,
ఎవెలీనా

తా.క. ఇది నీకందేలోపే వాడిక్కడుంటాడని మీ అన్నయ్య అంటున్నాడు. స్టాంపు అంటించేశాను కాబట్టి పంపుతున్నాను.

బ్రెమెన్, 14 మే

జెమ్మాకు,

కూర్చుని చదువు.

మీ అన్నయ్య కోటు పట్టుకుని స్టేషనుకెళ్ళాను. దాని చేతులు తుల్లియోకి మోచేతుల దాకే వచ్చాయి. పెట్టెలో ప్యాంటా, నువ్వు పెట్టనే లేదు. చేసేదిలేక అలాగే వెళ్ళాం. దారిలో ఒక ముసలమ్మ వాడి చేతిలో ఉడికిన గుడ్లు పెట్టింది. ఒక లారీవాడు ఎక్కమని బతిమాలాడు.

"అత్తయ్యా, వెనక్కి పోదాం."

"నోరు మూసుకుని గంట కొట్టు."

తలుపు తెరుచుకుంది. ఎదురుగా హార్మ్స్ గారు. చారల బనీను, నడుముకు ఎర్ర గుడ్డ, ఎర్ర రిబ్బను చుట్టిన గడ్డి టోపీ. అచ్చం వెనిస్ పడవవాడు!

ఆయన తుల్లియోని కిందనుంచి పైదాకా చూశాడు. "ఏమోయ్, ఎక్కడినుంచి నడిచొచ్చావు?"

వీడు టోపీ తీశాడు. "రైల్లో అండీ."

నేను ఆగలేకపోయాను. "తమరు పడవ ఎక్కడ కట్టేశారండీ?"

ఉటే మా మాటలు ఆయనకూ, ఆయన మాటలు మాకూ అనువదించి చెబుతూనే మెట్ల మీద కూలబడి నవ్వింది. సంగతేమిటంటే, అల్లుడికి కొత్తగా అనిపించకూడదని, ఇటలీలో మగవాళ్ళేం తొడుగుతారో చూసి రాయమని ఆయన వెనిస్ వెళ్ళిన చెల్లెలికి పురమాయించాడట. ఆవిడ కాలవగట్టున నిలబడి చూసి రాసింది.

ముందు ఆయన నవ్వాడు. తర్వాత వేలెత్తాడు. "నవ్వినంత మాత్రాన వదలను. ఆ బట్టలు ఊరికే తొడగకూడదు. మా కోళ్ళగూటి తలుపు బిగించు."

"మరి మీ బట్టలో?" అన్నాడు తుల్లియో. వాడికంత నోరుందని నాకూ తెలియదు.

దాంతో అందరం పార్కు చెరువుకు వెళ్ళాం. ఆయన తెడ్డు పట్టాడు. పడవ బొంగరంలా తిరిగింది. టోపీ నీళ్ళలో పడింది. చెరువు నడిమధ్య ఆయన తెడ్డు వదిలేసి, "పిల్లనిస్తాను! ముందు నన్నెవరైనా గట్టెక్కించండి!" అన్నాడు.

సెప్టెంబరులో పెళ్ళి.

మీ వదిన,
ఎవెలీనా

తా.క. తలుపు తలకిందులుగా బిగించాడు. కోళ్ళకేం అభ్యంతరం లేదు. రెండు వైపులా బాకీ చెల్లు.