చిన్నాన్న ఒక్కడే ఆడిన పండగ

మహారాజశ్రీ ఒలాడిమేజి చిన్నాన్నగారికి,

ఈ కాగితం మీదే బోర్లా పడి, నేను పుట్టినందుకు సైతం క్షమాపణ కోరుతున్నాను. ఆదివారం చర్చిలో జరిగిన పరాభవానికి ఈ అల్పుడే కారణమని తమరు ఊరంతా చెబుతున్నారట.

గవర్నరు ఎన్నికలో మన వీధి మొత్తం తమ నాయకుడిపై పోటీకి నిలబడ్డ టీచరమ్మకే వేలిముద్ర వేసింది. మన బూత్‌లో ఆవిడకు సున్నా ఓట్లని పార్టీ ఏజెంటుగా సంతకం చేసిన తమరే, తమ నాయకుడి గెలుపుకు దేవుడికి కృతజ్ఞత చెప్పే పండగ పెట్టి, అందరికీ ఒకే రకం ఆకుపచ్చ బట్ట పంచారు. అందరం కుట్టించుకునే వచ్చాం కదా!

తమరు వదులు అంగీ అగ్బాడా ఎగరేస్తూ బలిపీఠం వైపు ఆడుతూ కదిలారు. వెనకాల తమ కన్నతల్లి, అంటే మా నాయనమ్మ, ఆమె వెనక మేమంతా ఆడుతూ రావాలి. సగం దూరం పోయి తిరిగి చూస్తే ఒక్కరూ లేచి లేరు. డప్పులు మాత్రం ఆగలేదు, పాపం.

"అమ్మా, లెగవే! పరువు పోతోంది!"

"మా వీధిలో ఓటేసినోళ్ళే లేరంటగా నాయనా. ఇక ఆడేటోళ్ళు మాత్రం ఎక్కడినించి వస్తారు? నువ్వే ఆడుకో."

ఈ ఎన్నిక మీద టీచరమ్మ కేసు వేసిన ట్రిబ్యునల్లో సాక్ష్యానికి కూడా నాయనమ్మ ఆ బట్టే కట్టుకొస్తుందట.

డప్పులవాళ్ళతో, వీధివాళ్ళతో నేనేమీ మాట్లాడలేదు. తన ఓటు టీచరమ్మకే చేరిందని తమరు చెబితే నాయనమ్మ నమ్మింది. శనివారం ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఆ సున్నా సంగతి చెప్పాను. సంతకం ఎవరిదని అడిగింది. అదీ చెప్పాను.